ఈకా, ఎముకా?

ఉండి దగ్గర ఒక ఊళ్లో పందెం జాతి కోళ్లు పెంచే మావయ్యకీ, రాజమండ్రిలో మేడ మీద బాంటం కోళ్లు పెంచుకునే మేనల్లుడికీ మధ్య నడిచిన వాదం ఇది. కొత్తవాళ్లు వింటే ఎవరిది ఏ పక్షమో తారుమారుగా ఊహిస్తారు. పందెం కోళ్ల మనిషి కండా ఎముకా అంటాడనీ, ముచ్చటకి పొట్టికోళ్లు పెంచేవాడు రంగులూ హంగులూ అంటాడనీ అనుకుంటాం. ఇక్కడ మావయ్య రంగు మనిషి, అల్లుడు కట్టు మనిషి. నా మొగ్గు దాచను, అది అల్లుడి వైపే. అయినా మావయ్య వేసిన రెండు మూడు దెబ్బలకి అతని దగ్గర తిరుగు లేకపోయిందని కూడా చెప్పాలి. తగువు వచ్చింది ఈ ఏడాది పెట్టల మీదకి ఏ పుంజుని వదలాలన్న దగ్గర.

మావయ్య: ఆ పూల పుంజుని చూశావా? ఒక్కో ఈకలో నలుపు, తెలుపు, ఎరుపు మూడూ పలుకుతున్నాయి. మన దొడ్లో ఇలాంటిది దిగి ఎన్నేళ్లయిందో. ఈ ఏడు దీన్నే వదుల్తాను.

అల్లుడు: చూడ్డం కాదు మావయ్యా, చేత్తో పట్టుకోండి. రొమ్ము ఎముక మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా లాగండి. మధ్యలో వంకర తగుల్తుంది. పక్క గంపలో కౌజు రంగు పుంజుని చూడండి. రంగుకి ఎవరూ ఆగి చూడరు గానీ భుజాలు వెడల్పు, వీపు తోక వైపుకి సన్నగా వాలింది, రెండు కాళ్ల మధ్యా మంచి ఎడం ఉంది. వదిలితే దాన్ని వదలండి.

మావయ్య: వంకరదేముందిరా, పిల్లప్పుడు సన్న కర్ర మీద పడుకుంటే వస్తుంది. అది పిల్లలకి దిగదు.

అల్లుడు: అదే కర్ర మీద పడుకున్న దాని తోడువాటికి రాలేదు కదండీ. కర్ర సగం కారణమైతే రక్తం సగం. ఆ సగం మీ పెట్టలన్నిటికీ అంటుకుంటుంది.

మావయ్య: సరే, నీ లెక్కలో రంగు ఎక్కడ ఉంది?

అల్లుడు: చివర్న. ఇంగ్లండులో సర్ జాన్ సెబ్రైట్ అని ఒక దొర ఉండేవాడు, 1767లో పుట్టినవాడు. పశువుల జాతుల్ని బాగుచేయడం మీద 1809లో ఓ పుస్తకం రాశాడు. పావురాల సంగతి చెబుతూ, ఏ రంగు ఈక అడిగినా మూడేళ్లలో తెప్పిస్తాను గానీ తలా ముక్కూ అడిగితే ఆరేళ్లు కావాలనేవాడట. ఆ మాట డార్విన్ 1859లో తన పుస్తకంలోకి ఎక్కించాడు. ఎందుకలాగంటే, రంగుని తిప్పే జన్యువులు కొన్నే, కట్టుని తిప్పేవి లెక్కకి మించి. నా మేడ మీద నీలిబూడిద రంగు బాంటం జత ఉంది. రెంటినీ కలిపితే పిల్లల్లో సుమారు సగం నీలిబూడిద, పావు నలుపు, పావు తెల్లమీద చుక్కలు. ఏ ఏడు చూసినా ఇంచుమించు అదే పంపకం. అదే ఛాతీ వెడల్పు కావాలంటే పంపకం ఉండదు. వంద పిల్లల్లో రెండు మూడు ముందుకి జరుగుతాయి. వాటిని ఏరి, మళ్లీ వాటి పిల్లల్లో ఏరి, అలా పోవాల్సిందే.

మావయ్య: ఆ దొర పేరు మీద ఓ కోడి కూడా ఉందన్నావు మొన్న.

అల్లుడు: ఉందండి, సెబ్రైట్ బాంటం. ప్రతి ఈక చుట్టూ కాటుక గీసినట్టు నల్లంచు ఉంటుంది.

మావయ్య: ముక్కుకి ఆరేళ్లు కావాలన్న మనిషి పేరు రెండొందల ఏళ్లుగా దేనివల్ల నిలిచింది? ముక్కువల్లనా, ఈకవల్లనా?

(ఇక్కడ అల్లుడు నవ్వేసి ఊరుకున్నాడు. ఊరుకోవడం తప్ప చేసేదేమీ లేదు. ఆ సెబ్రైట్ పుంజులకి తోకా మెడా పెట్టలకి ఉన్నట్టే ఉంటాయి. వాటి గుడ్లు సరిగా పిల్లలు కావని పెంచేవాళ్లు వాపోతూ ఉంటారు. మావయ్యకి ఆ సంగతి తెలిసుంటే ఇంకో దెబ్బ కూడా వేసేవాడు, తన పక్షానికే తగిలే దెబ్బ అయినా.)

మావయ్య: నా మాట విను. మాకు రంగంటే సున్నం కొట్టడం కాదు. అదే పేరు. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, తెల్లనిది సేతు. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల. వీపు మీదా రెక్కల మీదా పసుపు తిరిగితే నెమలి. ఎరుపులో బూడిద కలిస్తే మైల. కాకి డేగనీ, పచ్చకాకినీ, పింగళనీ చిన్నపిల్లాడు కూడా దూరం నుంచి పోల్చి చెబుతాడు. బరిలో 'వెడల్పు రొమ్ము మీద సన్న రొమ్ము' అని ఎవడైనా కేకేస్తాడా? 'కాకి మీద డేగ' అనే అంటారు. పేరు లేని కోడి వంశం పదేళ్లు కూడా గుర్తుండదు. మా నాన్న దొడ్లో ఏ పెట్ట ఏ పుంజుకి పిల్లో కాగితం లేకుండా చెప్పేవాడంటే అది రంగుల వల్లే. ఇంకోటి. కాకి జతకి పర్ల పిల్ల దిగిందనుకో, గోడ దూకి ఎవడి పుంజో వచ్చిందని తెలిసిపోతుంది. రంగు మాకు కాపలా కూడా.

అల్లుడు: ఆ కాపలావాడు అప్పుడప్పుడు అబద్ధం చెబుతాడండి. తెలుపులో ఓ రకం రెండు మూడు తరాలు దాగి ఉంటుంది. రెండు రంగు కోళ్లకి ఉన్నట్టుండి తెల్లపిల్ల పుడుతుంది. ఏ పుంజూ గోడ దూకక్కర్లేదు. దానికి ఎదురు, లెగ్‌హార్న్ తెలుపు ఉంది చూశారా, అది ఒక్క పాలు కలిసినా పైన కప్పేస్తుంది. అడుగున ఏముందో కనపడనివ్వదు. రంగుని చూసి వంశం చెప్పబోతే ఒకసారి మంచి పెట్ట మీద నింద పడుతుంది, ఇంకోసారి దొంగ పుంజు తప్పించుకుంటుంది.

మావయ్య: మా నాన్న ఇంకో మాట అనేవాడు. పుంజుపిల్లకి రంగు తల్లి నుంచి వస్తుంది, పెట్టపిల్లకి తండ్రి నుంచి వస్తుందని. అదీ అబద్ధమేనా?

అల్లుడు: అన్ని రంగులకీ కాదు గానీ, కొన్నిటికి అక్షరాలా నిజం. మనుషుల్లో మగవాడిలా కోళ్లలో పెట్టకి రెండు రకాల క్రోమోజోములు, జెడ్, డబ్ల్యూ. తన దగ్గరున్న ఒక్క జెడ్‌నీ కొడుక్కే ఇస్తుంది. కూతురికి జెడ్ తండ్రి నుంచే రావాలి. మెడ జూలు వెండి రంగా బంగారు రంగా తేల్చే జన్యువు ఆ జెడ్ మీదే ఉంటుంది. అందుకని బంగారు పుంజుకీ వెండి పెట్టకీ పుట్టిన పిల్లల్లో పెట్టలు బంగారం వైపు, పుంజులు వెండి వైపు పోతాయి. తాతయ్య చూపు గొప్పది.

మావయ్య: చూపు గొప్పది కాబట్టే రంగు పట్టుకున్నాడు.

అల్లుడు: పట్టుకోండి, కాదనను. కుక్కుట శాస్త్రం అని పుస్తకం తీసి, ఫలానా నక్షత్రంలో ఫలానా రంగు గెలుస్తుంది, ఫలానా దిక్కు నుంచి వదలాలి అంటారు చూశారా, అక్కడే నాకు అడ్డం. ఒకే రోజు, ఒకే బరిలో, ఒకే రంగు కోళ్లు రెండు తలపడితే శాస్త్రం ఎటు మొగ్గుతుంది?

మావయ్య: నేను నమ్ముతానని ఎవరన్నారు? పందెం కాసేవాడు నమ్ముతాడు. వాడు నమ్మిన రంగు నా గంపలో ఉంటే సంక్రాంతి ముందు నా గుమ్మంలో కారు ఆగుతుంది. నీ రొమ్ము ఎముక కోసం ఎవడాగుతాడు?

ఈ మాటలో బేరం ఉంది, కానీ వట్టి బేరమే కాదు. కోడిని లక్షణాలు చూసి ఎంచడం ఈ దేశంలో చాలా పాతపని. వరాహమిహిరుడి బృహత్సంహితలో కోడి లక్షణాలకి ఒక అధ్యాయమే ఉంది. దండి దశకుమారచరిత్రలో ప్రమతి ఒక కోడిపందెం దగ్గర నిలబడి, నారికేళ జాతి పుంజు మీదకి బలాక జాతి పుంజుని తేడా తెలియకుండా వదిలారే అని నవ్వుకుంటాడు. ఆ కథలన్నిటినీ కేతన పదమూడో శతాబ్దంలో తెనిగించి తిక్కనకి అంకితమిచ్చాడు. అక్కడ ఎరిగినవాడు చూసింది జాతిని. అల్లుడికి ఈ సాక్ష్యం అందిస్తే ఎగిరి గంతేసేవాడేమో గానీ నేను మధ్యలో దూరలేదు.

మావయ్య: నన్నడిగావు గానీ నీ సంగతి చూద్దాం. కట్టు కట్టు అంటావు. నీ మేడ మీద తోక తలకి ఆనుతూ, కాళ్లు నేలకి ఆనుతూ తిరిగేది ఏంటది?

అల్లుడు: జపనీస్ బాంటం. కాళ్లు పొట్టిగా ఉండడమే దాని అందం.

మావయ్య: క్రితంసారి పొదిగించిన గుడ్లలో ఎన్ని పిల్లలయ్యాయి?

అల్లుడు: ... పావు వంతు దాకా గుడ్డులోనే పోతాయండి. ఆ పొట్టికాళ్ల జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిల్ల బతకదు. ఒక్క వైపు నుంచే వస్తే పొట్టికాళ్లతో పుడుతుంది. ఏ వైపు నుంచీ రాకపోతే పొడుగు కాళ్లతో పుడుతుంది.

మావయ్య: మరి నా పూల ఈక కోసం నేనెప్పుడూ గుడ్డులో పిల్లని చంపుకోలేదే. రంగు వెర్రి అంటావు, కట్టు వెర్రి మాటేంటి?

అల్లుడు: ఆ మాట నిజం. అందుకే ఈ ఏడు పొట్టికాళ్ల పుంజుకి పొడుగు కాళ్ల పెట్టని జత చేశాను. పిల్లల్లో సగం పొట్టివి, సగం పొడుగువి. గుడ్డులో ఆ జబ్బుతో ఒక్కటీ పోదు.

మావయ్య: అంటే పోటీకి పనికిరాని పొడుగు కాళ్ల పెట్టని కూడా మేపాలన్నమాట. మరి నా పూల పుంజునే వంకరంటూ వద్దంటావేం? దానికీ తిన్నని ఎముకున్న పెట్టని జత చేస్తే సరిపోదూ?

అల్లుడు: సరిపోవచ్చు. కానీ పుంజు ఒక్కటి పది పెట్టల మీద పడుతుంది, దాని లోపం దొడ్డంతా పాకుతుంది. లోపమున్న పెట్ట అయితే దాని పొదుగు వరకే. అయినా నా అసలు భయం ఈ వంకర కాదు మావయ్యా. మీ కోళ్లకి రంగు పేర్లు అలాగే ఉంటున్నాయి, లోపల కోడి మారిపోతోంది.

మావయ్య: అదెలా?

అల్లుడు: కర్నాల్‌లో దేశవాళీ జాతుల్ని నమోదు చేసే కేంద్రం ఉంది. వాళ్ల పట్టీలో అసీల్‌కి సొంత నేలగా ఛత్తీస్‌గఢ్, ఒడిశాలతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. అసీల్ అంటే నాలుగైదు కిలోల పుంజు, మందం ఎముక, గింజల్లా అణిగిన జుట్టు, ఒంటికి అతుక్కున్న పొట్టి ఈక. కత్తి కట్టని డింకీ పందెంలో దానికి దమ్ము కావాలి, దెబ్బకి ఓర్చుకునే మెడ కావాలి, బరువు మోసే కాళ్లు కావాలి. గెలిచిందంటే కట్టుకి అదో పరీక్ష. క్రూరమైనదే, కానీ పరీక్షే. ఇప్పుడు కత్తి కడుతున్నారు. నిమిషాల్లో తేలిపోతుంది. ఎముక మందం చూసేలోపే కత్తి ఎవరికి ముందు దిగిందో వాడిది. దానికి తేలికగా ఎగిరేది కావాలి. అందుకని పెరూ జాతి పుంజుల్ని తెచ్చి కలుపుతున్నారు. పుట్టిన పిల్ల ఎర్రగా ఉంటే డేగే అంటున్నారు. అది తాతయ్య డేగేనా?

మావయ్య: (కాసేపటికి) కాదు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. బరువుండదు. కాలు వేలంత ఉంటుంది.

అల్లుడు: కళ్లకి డేగ, చేతికి కాదు. అందుకే చేత్తో పట్టి చూడమంటున్నాను.

ఈ ఒక్క మాటకోసమే ఈ వాదమంతా రాయాలనిపించింది నాకు. జాతి పోవడమంటే పేరు కూడా పోవడం అనుకుంటాం. రంగు పేరు పెట్టుకున్న చోట జాతి పోయినా పేరు చెక్కు చెదరకుండా ఉంటుంది. కాకీ డేగా నెమలీ సంక్రాంతికి సంక్రాంతికీ వినిపిస్తూనే ఉంటాయి. ఏ మనిషికీ ఏదో పోయిందన్న అనుమానం రాదు.

మావయ్య: ఒప్పుకున్నాను. కానీ నువ్వు చెప్పు. జంతు హింస చట్టం 1960 నాటిది, జూద చట్టం 1974 నాటిది. 2016 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు కూడా ఆపమంది. కోడిని పెంచడం నేరం కాదు, పందెం నేరం. రేపు పందెం నిజంగా ఆగిందే అనుకుందాం. డింకీ లేదు, కత్తి లేదు. అప్పుడు నీ కట్టుకి పరీక్షేంటి? తమిళనాడులో చిలకముక్కు కోళ్లు పెంచుతున్నారు, పోటీలు పెడుతున్నారు. అసీల్ రక్తమే. ముక్కు వంపుకీ తోక పొడవుకీ లక్షలు ఇస్తున్నారు. బల్ల మీద నిలబెట్టి కొలిచే కట్టు కూడా ఓ రంగేరా. కంటికి కనపడేదే.

అల్లుడు: బల్ల ఒక్కటే పరీక్ష కానక్కర్లేదు. మన పాత తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలో గిరిజన ఆడవాళ్లు అసీల్ పెంచుతారు. పందెం కోసం కాదు. ఒకరు పెట్టని ఇస్తారు, ఇంకొకరు పెంచుతారు, పిల్లల్ని వాటా పంచుకుంటారు. కోళ్లు తగ్గిపోతుంటే ఆంత్ర, గిరిజన దీపిక అనే సంస్థలు ఆ ఆడవాళ్లతో కలిసి కారణాలు వెతికాయి. కొక్కెర తెగులుకీ అమ్మోరికీ టీకాలు వేయించడం, వాటా పద్ధతిని మళ్లీ నిలబెట్టడం చేశాయి. వాళ్లకి మంచి పెట్టంటే బాగా పొదిగేది, పిల్లల్ని తిప్పేది, గద్ద మీదకి ఎగిరేది. ఆ పనికి కట్టు కావాలి.

మావయ్య: గద్ద అన్నావు కాబట్టి అడుగుతున్నాను. సేతు పిల్లనీ కౌజు పిల్లనీ పెరట్లో వదిలితే గద్ద దేన్ని ముందు ఎత్తుకెళుతుంది?

అల్లుడు: తెల్లదాన్నే.

మావయ్య: మరి రంగు చివర్నంటావేం?

అల్లుడు: ... హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా అని పెరటి కోడిని తయారుచేసినప్పుడు కూడా తెలుపు పెట్టలేదు, రంగు ఈకలే ఉంచింది. ఊళ్లో జనానికి నచ్చుతుందనీ, పెరట్లో నేలలో కలిసిపోతుందనీ. సరే, రంగుకి ఓ మెట్టు పైకి ఎక్కిస్తాను.

మావయ్య: ఎక్కించక్కర్లేదు, ఉన్న చోట ఉండనియ్యి. ఇంతకీ బల్లల సంగతి వదిలేసి మన దొడ్డి సంగతి చెప్పు.

అల్లుడు: రెండు పుంజుల్నీ వదులుదాం. పూల పుంజుకి రొమ్ము తిన్నగా ఉన్న రెండు పెట్టలు. మిగతావన్నీ కౌజుకి. పిల్లలు దిగిన రోజే కాలివేళ్ల మధ్య పొరకి చిల్లు పెడదాం. కుడికాలైతే పూల, ఎడమకాలైతే కౌజు. కలిసిపోతే రంగు చూసి చెబుతాననకండి.

మావయ్య: అనను. ఎన్నాళ్లకి తేలుద్ది?

అల్లుడు: రంగు ఆరేడు నెలలకి కుదురుకుంటుంది. కట్టుకి ఏడాదిన్నరైనా ఆగాలి, అసీల్ నెమ్మదిగా ముదురుతుంది. ఇంకోటండి. ఒక్క చోటే పెట్టొద్దు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరులోనూ కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చుట్టుపక్కల కోళ్లని పూడ్చేశారు కదా. మన దొడ్డి ఆ వలయంలో పడుంటే తాతయ్య వంశం ఒక్క పూటలో పోయేది. సగం రాజమండ్రిలో ఉంచుదాం. గంట్లూ చోళ్లూ నేను కొంటాను. నాకు ఆ మూల గంప కింద ఉన్న పెట్టని ఇవ్వండి.

మావయ్య: దేన్ని, ఆ బూడిదదాన్నా?

అల్లుడు: ఆ. దాని రంగుకి పేరే లేదు. మూడేళ్లుగా ఎందుకు దాచారు?

మావయ్య: పెట్టకి రంగేంట్రా. దాని తల్లి నాకు తెలుసు, తల్లి తల్లి తెలుసు. దాని కడుపున పుట్టిన పుంజు ఏదీ కాలు తేలికగా లేదు.

అల్లుడు: అంటే పెట్టల దగ్గరికి వచ్చేసరికి మీరు కట్టు చూసే ఏరుతున్నారు.

మావయ్య: పుంజుని బజారు చూస్తుంది. పెట్టని నేను చూస్తాను.

అల్లుడు: అయితే ఇస్తారా?

మావయ్య: పెట్టని ఇవ్వను. ఈ దొడ్లోంచి పెట్ట బయటికి వెళ్లిన రోజు లేదు. గుడ్లు కావాలంటే పట్టుకెళ్లు, అవీ ఐదే. రాజమండ్రిలో ఎవరికీ ఇవ్వనని ముందు మీ అమ్మ మీద ఒట్టెయ్యి.